రాళ్ల లోపలి ఎరుపు

పదమూడో భాగం

పోయిన వారం మనం తామ్సిన్ హోస్కింగ్‌ను ఆమె పైగదిలో, మెట్ల మీద చేతికర్ర చప్పుడు వింటూ నిలబడ్డ చోట వదిలేసి వచ్చాం. ఆ వచ్చేదెవరోనని మీరు వారమంతా ఎదురుచూశారు. ఆమె మాత్రం అరనిమిషం ఎదురుచూసింది, అంతే. రంగు బ్రష్షు కడుక్కుంటూ ఉంది గనక అదీ సరిగా చూడలేదు.

అంతకుముందు జరిగింది రెండు ముక్కల్లో చెప్పుకుందాం. లండన్ గ్యాలరీ నుంచి వచ్చిన ఫెల్టన్ దొర పదకొండు బొమ్మలు ఎంచుకున్నాడు. అవి చాలవన్నట్టు, పన్నెండేళ్లుగా గోడవైపు తిప్పి పెట్టిన ఒక బోర్డును తనే ఇటు తిప్పి, "నాకు అన్నిటికంటే ఇదే కావాలి" అన్నాడు. తామ్సిన్ అవుననలేదు, కాదనలేదు. ఆ బోర్డు వేసిన ఆదివారమే ఆమె తమ్ముడు డెన్జిల్ రేవు ముందు మునిగి చచ్చిపోయాడు. పడవ దొరికినప్పుడు వల సగం నీళ్లలో ఉంది. ఆదివారం దేవుడి రోజు గనక ఆ రోజు వల ముట్టడమంటే ఈ చేపల ఊరు పోర్త్‌లెన్‌లో దొంగతనం కంటే పెద్ద తప్పు. అందుకే ఏటా సముద్రపు ఆదివారం నాడు ఊరి ప్రార్థన మందిరం చాపెల్‌లో చదివే, సముద్రంలో పోయినవాళ్ల పేర్లలో డెన్జిల్ పేరు చదవరు. ముప్పై ఏడు పేర్లు చదువుతారు, ముప్పై ఎనిమిదోది మింగేస్తారు. మింగేసేది పరాయివాడైతే తిట్టుకోవచ్చు. చాపెల్ పెద్ద, ఆ పేర్లు చదివే మనిషి, వాళ్ల నాన్న ఎఫ్రాయిమే. ఈ ఏటి సముద్రపు ఆదివారం రేపే.

చేతికర్ర పదహారు మెట్లూ ఎక్కి గుమ్మంలో ఆగింది. దాని వెనకాల జేబెజ్ పెండర్ మామ.

మామ అంటే చుట్టరికం కాదు. ఆ ఊళ్లో తల నెరిసిన మగాళ్లందరూ అందరికీ మామలే. జేబెజ్‌కు డెబ్బై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు ఆయన ఊరికి కాపుదారు. వేసవి చివర కొండ మీద నిలబడి సముద్రాన్ని చూస్తూ ఉండటమే ఉద్యోగం. పిల్చర్డు చేపల మంద వచ్చిందంటే నీళ్లు ఎర్రబారతాయి. అది ముందు పసిగట్టి, "హెవ్వా!" అని కేకేసి, తెల్లగుడ్డ చుట్టిన రెండు పొదకొమ్మలు చేతుల్లో పట్టుకుని పడవలను ఎటు తిప్పాలో అటు తిప్పేవాడు. పడవల వాళ్లకు నీళ్లలోంచి మంద కనబడదు. ఆయన చేతులు ఎటు ఊగితే అటు పోవడమే వాళ్ల పని. తర్వాత ముప్పై నాలుగేళ్లు చేప ఒడ్డు మొహం చూడలేదు. ఉద్యోగం పోయింది గానీ జేబెజ్ మామ రోజూ పొద్దున కొండెక్కడం మానలేదు.

తామ్సిన్ గదికి మాత్రం పన్నెండేళ్లుగా రాలేదు. మోకాళ్ల నొప్పులని ఊరు అనుకుంది, ఆమె కూడా అలాగే అనుకుంది.

"బతికే ఉన్నావా పిల్లా? ఈ కంపుకు గోడల్లో ఎలకలు కూడా ఇల్లు ఖాళీ చేసుంటాయే."

"రా మామా, కూర్చో. టీ పెడతాను."

"టీ కోసమైతే ట్రెంబాత్ కొట్టుకే పోయేవాణ్ణి. అక్కడైతే బన్ను కూడా పెడుతుంది."

చేపల పెట్టె తిరగేసి ఉంటే దాని మీద కూర్చున్నాడు. పోయిన నెలే పట్నం ఆసుపత్రిలో ఆయన ఎడమ కంటి పొర తీశారు. కొత్తగా వచ్చిన చూపుతో పసిపిల్లాడిలాగా గదంతా కలియజూస్తున్నాడు. గోడకు ఆనించి ఉన్న పదకొండు బోర్డులూ ఒక్కొక్కటే చూశాడు.

తామ్సిన్ బొమ్మల గురించి ఊళ్లో ఏమంటారో మీకు తెలుసు. ట్రెంబాత్ ఆవిడ "మా పిల్లి పాలగిన్నె తన్నినా ఇంతకంటే బాగా వస్తుంది" అంటుంది. పడవ అడుగులకు పూసే రంగు, ఆ రంగు పూసే అరచేయంత వెడల్పు బ్రష్షులు, గుల్లలు గీకే చాకు, ఇవే ఆమె పనిముట్లు. బోర్డు నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ వేస్తుంది. అందులో పడవ ఉండదు, ఒడ్డు ఉండదు, కొంగ కూడా ఉండదు. లండన్ పత్రికలు మాత్రం పేజీలు పేజీలు రాశాయి. ఆ రాతలు చదివినప్పుడల్లా వాళ్లు ఎవరి బొమ్మల గురించో రాశారేమో అనిపించేది ఆమెకు.

"ఇది ఏప్రిల్ కదూ?" అన్నాడు జేబెజ్ మామ మూడో బోర్డు ముందు ఆగి.

"ఏది?"

"ఇదే. ఇసుక పడమరకి జరిగింది చూడు. ఇక్కడ లోతు రెండు బారలు ఉంటుంది, అంతకంటే ఉండదు." కర్ర కొసతో గాలిలోనే చూపించాడు. "అది గాలి సద్దుమణిగాక వచ్చే అల. పైకి నవ్వుతుంది గానీ కాళ్ల కింద లాగేస్తుంది. ఆ పక్కది మాత్రం అబద్ధం పిల్లా. అంత పచ్చ మన దగ్గర ఉండదు."

"అది నిజంగానే అబద్ధం మామా. అక్కడ రంగు అయిపోతే డబ్బాలో ఉన్నది పోశాను."

"చెప్పానుగా!"

తామ్సిన్ పకపకా నవ్వింది. కానీ ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. ఇరవై ఏళ్ల నుంచి ఈ గదిలో తను చేస్తున్న పనిని ఒక్క మనిషైనా ఇలా చదువుతాడని ఆశ కూడా పెట్టుకోలేదు. చదివినవాడు తన పేరు తప్ప ఇంకేదీ రాయడం రానివాడు. ఆమెకు ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది.

"నేను వచ్చింది వీటి కోసం కాదు," అన్నాడు ఆయన, ఆ చెయ్యి అందకుండా కర్ర మీదికి తీసుకుని. "మీ లండనాయన నిన్న సారా కొట్లో కూర్చుని చెప్పాడట. బూడిద రంగు మధ్యలో ఎర్రమరక ఉన్న బొమ్మ ఏదో ఉందంట కదా. అది చూపించు."

ఆమె నవ్వు ఆగిపోయింది. కాసేపు తటపటాయించి, కిటికీ పక్క బల్ల మీద ఉన్న బోర్డు మీంచి గుడ్డ తీసింది.

నాలుగడుగుల వెడల్పు బోర్డు. తెలుపు, బూడిద రంగు దొంతర్లు. కింద నల్లగా, నిలువుగా గీతలు. ఆ గీతలకు ఇవతల, ఒడ్డువైపు, గుండ్రంగా ఒక ఎరుపు. ఎరుపంటే నెత్తురు ఎరుపు కాదు. బీట్‌రూట్ ఉడికించి పారబోసిన నీళ్ల రంగు.

జేబెజ్ మామ లేచి నిలబడ్డాడు. ముక్కు బోర్డుకు ఆనేంత దగ్గరికి పోయాడు. కింద రేవులో ఎవరో పడవ గీకుతున్న చప్పుడు వినబడుతోంది.

"సెప్టెంబరు," అన్నాడు చివరికి. "తూర్పు గాలి. ముందు రోజు తుఫాను పోయిన అల ఇంకా తగ్గలేదు. ఆటు మొదలై గంటయ్యుంటుంది. ఈ నల్లవి దువ్వెన."

రేవు ముందున్న రాళ్ల వరసను ఊళ్లో దువ్వెన అంటారు. పోటులో మునిగి ఉంటుంది, ఆటులో పళ్లు బయటపెడుతుంది. డెన్జిల్ పడవ ఆ పళ్ల మధ్యే దొరికింది.

"అవును మామా. ఆ రోజుదే."

"ఈ ఎరుపు ఏంటి?"

"తెలీదు."

"నాకు తెలుసు," అన్నాడు ఆయన. "ఇది చేప. దువ్వెన లోపలికి వచ్చిన మంద."

తామ్సిన్‌కు ముందు అర్థం కాలేదు. ఆ రోజు సముద్రంలో చేప లేదు. సోమవారం పొద్దున పది పడవలు పోయి వెతికితే ఒక్క పొలుసు దొరకలేదు. విచారణలో అందరూ అదే చెప్పారు. చేప లేదు, ఉన్నదల్లా డెన్జిల్ దురాశే అన్నారు. ముందు రాత్రి వాన నీళ్లు తోడిపోయడానికని పడవ దగ్గరికి వెళ్లాడు, అది తప్పు కాదు, ఆదివారమైనా పడవ మునగకుండా చూసుకోవచ్చు. వెళ్లినవాడు ఊరుకోకుండా వల వేసి దువ్వెన మీదికి పోయాడు. దేవుడు చూశాడు. కథ అక్కడికి ముగిసిందని ఊరు చేతులు దులుపుకుంది.

"చేప ఉంటే ఎవరూ చూడలేదేం?"

"నేను చూశాను."

ఆయన మళ్లీ పెట్టె మీద కూర్చున్నాడు. చెప్పదలచుకున్నది తల దించుకునే చెప్పాడు గానీ, ఎక్కడా ఆగలేదు. ముప్పై నాలుగేళ్ల తర్వాత నీళ్ల మీద ఆ రంగు కనబడింది. ఏ వారమో, ఏం వేళో ఒళ్లు తెలియలేదు. నోట్లోంచి కేక దానంతట అదే వచ్చింది. పక్కనున్న పొద విరిచి, మెడలో తెల్ల కండువా దానికి చుట్టి పైకెత్తాడు. ఆ కేక గాలికి ఊళ్లోకి చేరలేదు గానీ, కింద నీళ్లు తోడుతున్న డెన్జిల్ తలెత్తి చూశాడు. ఆ సైగలు చిన్నప్పుడు ఆటగా అతనికి నేర్పింది ఆయనే. అటు తిరగమంటే అటు తిరిగాడు, ఇటు తిరగమంటే ఇటు తిరిగాడు. దువ్వెన అంచుకు పొమ్మంటే పోయాడు.

"అల వెనక్కి లాగడం నేను చూశాను. చూసి అరిచాను. అప్పుడు అరిస్తే ఏం లాభం?"

తామ్సిన్ కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. కోపం ఇంత చల్లగా కూడా వస్తుందని ఆమెకు అంతవరకు తెలియదు.

"పన్నెండేళ్లు మామా. మా అమ్మ ఆ చాపెల్ బెంచీ మీద కూర్చుని పన్నెండేళ్లలో ఏడేళ్లు ఆ జాబితా విన్నది. ప్రతిసారీ ముప్పై ఏడో పేరు తర్వాత ఊపిరి బిగబట్టేది. ఆ ఊపిరితోనే పోయింది. నీకు రెండు బెంచీల ముందు కూర్చునేది."

"తెలుసు."

"తెలిసి?"

"తిట్టు పిల్లా. తిట్టించుకోవడానికే వచ్చాను. కానీ తిట్టే ముందు ఒక్కటి చెప్పు." ఆయన కర్ర రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఆ చలికాలమే డాక్టరు నా కళ్లు చూసి, పొర ఎప్పటినుంచో కమ్ముతోందన్నాడు. ఎర్రగా, మసగ్గా మచ్చలు కనబడతాయన్నాడు. సోమవారం చూస్తే చేప లేదు. అంటే ఏంటి? లేని చేపకి కేకేశానా? మబ్బు నీడ చూసి కుర్రాణ్ణి రాళ్ల మీదికి తోలానా? పన్నెండేళ్లుగా అదే నములుతున్నాను. ఇప్పుడు నీ బొమ్మలో ఎరుపు ఉంది. సరిగ్గా అక్కడే ఉంది. కానీ దీనికి తోక లేదు."

"తోకా?"

"నేను చూసిన మందకి తోక ఉంది. తూర్పున ముక్కురాయి వైపుకి వంగి ఉంది. ఇదేమో రొట్టెలాగా గుండ్రంగా ఉంది. నిజం చెప్పు. ఈ ఎరుపు నువ్వు కిటికీలోంచి చూసి వేశావా? లేకపోతే ఇక్కడ కాస్త ఎరుపుంటే బాగుంటుందని వేశావా?"

అదీ సంగతి. అడగరాని మనిషిని అడగరాని ప్రశ్న అడిగాడు. చూసింది వెయ్యను, చూశాక నాలో మిగిలింది వేస్తానని పత్రికల వాళ్లకు తామ్సిన్ ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ ఆ మాట బాగుందని తనే మురిసిపోయింది. ఇప్పుడది తిరిగొచ్చి మెడకు చుట్టుకుంది. ఆ ఎరుపు ఎప్పుడు వేసిందో, ఎందుకు వేసిందో ఆమెకు ఏమాత్రం గుర్తు లేదు.

"చూశానంటే ఏం చేస్తావ్?"

"రేపు చాపెల్‌లో మీ నాన్న ముప్పై ఏడో పేరు చదవగానే లేచి నిలబడతాను. జరిగింది చెప్తాను. ముప్పై ఎనిమిదో పేరు చదవమంటాను."

"చూడలేదంటే?"

ఆయన కర్ర కొసను నేల మీద తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆదివారం కేకేసినందుకు సిగ్గు లేదు. నోరు మూసుకున్నందుకు లేదు. కేక తప్పిందేమోనని మాత్రం సిగ్గా మామా?"

"ఆదివారం సంగతి దేవుడు చూసుకుంటాడు," అన్నాడు జేబెజ్ మామ. "చేప సంగతి నేను చూసుకోవాలి. మా నాన్న కాపుదారు, మా తాత కాపుదారు. మా ఇంట్లో ఎవరూ లేని చేపకి చెయ్యెత్తలేదు."

తామ్సిన్‌కు ఆ ముసలాయన్ని పట్టుకుని కుదపాలనిపించింది. చూశానని ఒక్క అబద్ధం ఆడితే చాలు, రేపు తమ్ముడి పేరు వినబడుతుంది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా కూర్చున్నవాడు ఇందాకే ఆమె డబ్బాలో మిగిలిన పచ్చరంగును పట్టేశాడు. పైగా ఆ ముఖం చూస్తూ అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాలేదు.

"నాకు గుర్తు లేదు మామా," అంది. "కానీ బోర్డుకు గుర్తుంటుంది. ఉండు."

గుల్లలు గీకే చాకు తీసి గుడ్డతో తుడిచింది. ఆయనకు అర్థమయ్యేట్టు చెప్తూనే పని మొదలుపెట్టింది. ఆ ఆదివారం పొద్దున బోర్డంతా తెలుపు పూసింది. ఆ తెలుపు ఆరడానికి నాలుగైదు రోజులు పడుతుంది. మధ్యాహ్నం కబురు తెలిశాక, డెన్జిల్‌ను పూడ్చి వారమయ్యేదాకా ఈ గది తలుపే తియ్యలేదు. తీసిన రోజు పిచ్చిదానిలా ఏవేవో పూసింది. ఈ పైనున్న బూడిద రంగు ఆనాటిదే, అంతవరకు గుర్తుంది. ఎరుపు కూడా ఆనాటిదే అయితే ఆరిన తెలుపు మీద అంచు కోసినట్టు ఉంటుంది. ఆదివారం పొద్దుటిదైతే తడి తెలుపులో కలిసి గులాబీ చారలు దిగి ఉంటాయి. ఆ అంచంతా ఇప్పుడు బూడిద రంగు కింద ఉంది.

"గీకితే లండనాయన ఊరుకుంటాడా?"

"సోమవారం వ్యాను వచ్చినప్పుడు గుండె పట్టుకుంటాడు. పట్టుకోనీ."

పన్నెండేళ్ల రంగు రాయిలా బిగుసుకుంది. టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డ కాసేపు వేసి ఉంచి, చాకు పడుకోబెట్టి, పెంకు పెంకుగా లేపుతోంది. గోరంత లేచింది. మరో గోరంత. జేబెజ్ మామ పెట్టె దగ్గరికి లాక్కుని, ఆమె మోచేతి పక్కనే ముఖం పెట్టి చూస్తున్నాడు. గడియారం లేని గదిలో అరగంట అయిందో, గంట అయిందో.

ముందు గులాబీ కనబడింది. ఎరుపు తెలుపులోకి దిగి, బ్రష్షు ఈడ్చిన వెంట్రుకల జాడతో సహా, పలచగా, స్పష్టంగా. తామ్సిన్ బోర్డు మీదికి ఇంకా వంగింది. చాకు మార్చి పట్టుకుని ఇంకొంచెం గీకింది. ఎరుపు ఆగలేదు. బూడిద రంగు కింద కుడివైపుకి పోతూనే ఉంది. సన్నబడుతూ, కొంచెం వంగుతూ, తూర్పుకి, ముక్కురాయి వైపుకి.

"తోక," అన్నాడు జేబెజ్ మామ.

జేబులోంచి పెద్ద రుమాలు తీసి, కొత్త కన్ను పాత కన్ను రెండూ తుడుచుకున్నాడు. తామ్సిన్ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఇందాకటి కోపం పోలేదు. దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది, అంతే. తమ్ముడు లేని చేప కోసం పోలేదు. దురాశకు పోలేదు. పిలిస్తే పోయాడు. ఆ ఒక్క మాట కోసం వాళ్లమ్మ ఏం ఇచ్చి ఉండేదో తలచుకుని ఆమె ఏడ్చింది. బాగా, శబ్దం వచ్చేట్టుగానే ఏడ్చింది.

"టీ పెట్టు పిల్లా," అన్నాడు ఆయన కాసేపటికి. "ఇప్పుడు తాగుతాను."

తాగాడు. తాగి, కప్పు కింద పెట్టకుండా చేతిలోనే తిప్పుతూ అన్నాడు:

"మిగిలింది కూడా విను. నేను చెయ్యెత్తగానే డెన్జిల్ కదల్లేదు. ఆదివారమని వాడికి గుర్తుంది, నాకే లేదు. తెడ్లు ఎత్తకుండా ఒడ్డు వైపు చూశాడు. కాపుదారు కేకేస్తే ఒడ్డు నుంచి ఒకరు టోపీ ఎత్తి ఊపాలి. చూశాం, పొండి అని దానర్థం. అది లేకుండా పాతకాలంలో ఏ పడవా కదిలేది కాదు."

"ఎవరైనా ఎత్తారా?"

"ఎత్తారు. అది చూశాకే వాడు తెడ్లు అందుకున్నాడు."

"ఎవరు మామా?"

"కొండ మీంచి నాకేం తెలుస్తుంది? నల్లకోటు, నల్లటోపీ. ఆదివారం పోర్త్‌లెన్‌లో నల్లటోపీ లేనిదెవరికి?" ఆయన కిటికీ వైపు తిరిగాడు. "రేపు నలుగురిలో లేచి చెప్పే ముందు మీ నాన్నకు ఇవాళే నువ్వు చెప్పు. బొమ్మ చూపించు. నా నోటి నుంచి, అందరి ముందూ వినడం మంచిది కాదు."

ఆయన మెట్లు దిగడానికి ఎక్కినదానికంటే ఎక్కువసేపు పట్టింది. తామ్సిన్ చెయ్యి ఇస్తానంటే వద్దన్నాడు.

సాయంత్రం టీ వేళకు ఆమె బోర్డు గుడ్డలో చుట్టి వీధిలోకి దిగింది. గాలి బోర్డును పట్టుకుని మనిషిని గోడకేసి తోస్తోంది. కొట్టు గుమ్మంలో నిలబడ్డ ట్రెంబాత్ ఆవిడ ఊరుకుంటుందా?

"ఏం తామ్సిన్, తెరచాప ఎత్తేశావ్? ఫ్రాన్సుకేనా?"

"నాన్న ఇంటికి."

"దానికంటే ఫ్రాన్సే దగ్గర!"

ఆవిడ సరదాకే అంది. నాన్న ఇల్లు తొమ్మిది గుమ్మాల అవతల. తామ్సిన్ ప్రతి శనివారం వెళ్తుంది, టీ తాగుతుంది, వాన గురించి, పడవల గురించి మాట్లాడి వస్తుంది. డెన్జిల్ పేరు ఆ బల్ల దగ్గర ఎప్పుడూ రాదు. ఆయన ఆమె గదికి రాడు, అమ్మ పోయాక ఆమె ఆయన చాపెల్‌కు పోదు. ఊళ్లో దీన్ని మర్యాద అంటారు.

ఎఫ్రాయిం హోస్కింగ్ వంటింటి బల్ల దగ్గర రేపటి బంగాళాదుంపలు చెక్కుతీసి నీళ్లలో వేస్తున్నాడు. ఆదివారం కత్తి పట్టకూడదు గనక శనివారమే ఆ పని అయిపోవాలి. ఎనభై దాటినా వేళ్లు తడబడవు. ఆమె చేతిలో బోర్డు చూసి కత్తి ఆపాడు.

"ఇదేంటమ్మా? ఇక్కడ గోడలకు చోటు లేదే."

"తగిలించడానికి కాదు నాన్నా. చూడటానికి."

"నాకు ఇవేవీ అర్థం కావు, నీకు తెలుసుగా."

"ఒక్కసారి చూడు."

దుంపల గిన్నె పక్కకు జరిపి, బోర్డు గోడకు ఆనించి గుడ్డ తీసింది. వస్తూ దారంతా మాటలు కూర్చుకుంది: జేబెజ్ మామ వచ్చాడు, ఆ రోజు చేప ఉంది, డెన్జిల్ తనంతట తను పోలేదు, రేపు అతని పేరు చదువు. నాన్న ఎక్కడ అడ్డుపడతాడో, అప్పుడు ఏమనాలో కూడా అనుకుంది. నోరు తెరిచే లోపలే ఆయన లేచాడు.

చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. జీవితంలో ఆమె బొమ్మ ముందు ఆయన నిలబడటం అదే మొదలు. పైనుంచి కిందికి చూశాడు. నల్లగీతల దగ్గర ఆగాడు. తర్వాత, ఎవరూ ఏమీ చెప్పకుండానే, తడి ఆరని వేలు ఎరుపు మీద పెట్టి, గీకిన చోటు మీదుగా దాని తోక చివరిదాకా మెల్లగా తీసుకుపోయాడు.



"ఇది నీ గది కిటికీలోంచి వేశావా?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

"అవును నాన్నా."

"ఆ పొద్దున ఎంతవరకు కూర్చున్నావు అక్కడ?"

"చాపెల్‌లో మొదటి పాట ఎత్తుకునేదాకా."

ఆయన తల ఊపాడు. కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచాడు, దొరకలేదు. తామ్సిన్ జరిపి ఇచ్చింది. కూర్చుని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ కిటికీకి చాపెల్ గుమ్మం తిన్నగా కనబడుతుంది. నేను టోపీ ఎత్తి ఊపడం నువ్వు చూసే ఉంటావని నాకు తెలుసు," అన్నాడు ఎఫ్రాయిం. "ఇన్నేళ్లూ ప్రతి శనివారం వచ్చి నా ఎదురుగా కూర్చున్నావు, ఒక్క మాటా అనలేదు. ఇవాళ అనడానికే వచ్చావా తల్లీ?"